నిశ్శబ్దంతో సరితూగే నాదం

ఆర్కెస్ట్రా అనే మాట మన ప్రాంతంలో పెళ్ళి పందిళ్ళలో సినిమా పాటలు వినిపించే బృందానికి పేరుగా స్థిరపడిపోయింది. పాశ్చాత్య సంగీతంలో దాని అర్థం వేరు. వయొలిన్లు మొదలుకొని పెద్ద డోళ్ళ వరకు, ఎనభై తొంభైమంది వాద్యకారులు ఒక నిర్దేశకుని చేతి కదలికను అనుసరించి, కాగితంపై ముందుగా వ్రాసి ఉంచిన సంగీతాన్ని ఏకకాలంలో వినిపించే మహావాద్యబృందం అది. అటువంటి బృందం చేత తుఫానును పలికించిన స్వరకర్తలు అనేకులు. మౌనాన్ని పలికించినవారు అరుదు. ఆ అరుదైనవారిలో జపాను దేశస్థుడైన తోరు తకెమిత్సు ఒకరు.

ఆయన రచనలలో ప్రసిద్ధమైన ‘నవంబర్ స్టెప్స్’ను మేము మొట్టమొదట విన్నప్పుడు, నిజం చెప్పవలెనంటే, రికార్డింగు చెడిపోయినదేమోనని లేచి చూశాము. ఒక తంత్రిని ఎవరో గట్టిగా మీటారు. ఆ మ్రోత సన్నగిల్లి పూర్తిగా అణగిపోయింది. తరువాత ఏమీ లేదు. మేము యంత్రం దగ్గరకు చేరేలోగా వెదురులో గాలి చొరబడినట్లు మరొక ధ్వని వినవచ్చింది. చెడిపోయినది యంత్రం కాదని అప్పుడు గ్రహించాము. ఆ ఖాళీ కూడా రచనలో భాగమేనని తెలియడానికి మరికొంత కాలం పట్టింది. ఆ ఖాళీని గురించి, దానిని తన దేశపు సంపదగా గుర్తించడానికి ఒక మనిషి నడచిన చుట్టుదారిని గురించి తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తకెమిత్సు 1930 అక్టోబరు 8న తోక్యోలో జన్మించాడు. నెల తిరగకుండానే కుటుంబం మంచూరియాలోని దాలియన్ నగరానికి తరలిపోయింది. ప్రాథమిక విద్య కోసం 1938లో బాలుడు స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరమే తండ్రి మరణించాడు. కొద్ది కాలానికే దేశం మహాయుద్ధంలో మునిగిపోయింది. 1944లో, పదునాలుగేళ్ళ వయస్సులో, అతనిని బడి నుంచి తీసుకుపోయి సైతామా ప్రాంతపు కొండలలో సైనిక స్థావరం నిర్మించే పనిలో పెట్టారు. శత్రుదేశాల సంగీతం అప్పుడు నిషిద్ధం. చెవిన పడేవన్నీ యుద్ధ గీతాలే. ఒకనాడు ఒక యువ సైనికాధికారి కొందరు బాలురను వెనుక గదిలోకి పిలిచి, చేతితో త్రిప్పే గ్రామఫోనుపై, వెదురు పుల్లను చెక్కి ముల్లుగా అమర్చి, ఒక రికార్డును వినిపించాడు. అది ఒక ఫ్రెంచి ప్రేమగీతం. ప్రపంచంలో ఇంతటి మధురమైన వస్తువు ఉన్నదా అని ఆ బాలుడు విభ్రాంతుడయ్యాడు. తన సంగీత జీవితం ఆ గదిలోనే మొదలయిందని ఆయన ఉత్తరోత్తరా పదేపదే చెప్పుకున్నాడు.

యుద్ధానంతరం అతడు అమెరికను సైనిక శిబిరంలో కొలువు చేశాడు. అనారోగ్యంతో మంచం పట్టిన రోజులలో అమెరికను సైనిక రేడియోలో వచ్చిన పాశ్చాత్య సంగీతాన్నంతటినీ విన్నాడు. పదహారవ ఏట స్వరరచన ప్రారంభించాడు. కియొసె యసుజి అనే స్వరకర్త వద్ద కొంతకాలం సలహాలు పొందడం మినహా గురుశుశ్రూష అన్నది దాదాపు లేదు. ఇంట పియానో లేదు. కాగితంపై మెట్లను గీసుకొని, ధ్వని లేని ఆ పియానోపై వ్రేళ్ళాడించేవాడు. వీధిలో పోతూ ఏ ఇంటి నుంచి పియానో మ్రోత వినబడినా తలుపు తట్టి, కాసేపు వాయించుకోనిస్తారా అని అడిగేవాడు. ఈ సంగతి తెలిసిన తోటి స్వరకర్త మయుజుమి తొషిరో, ముఖపరిచయమైనా లేకుండానే, ఒక పియానోను ఆయన ఇంటికి పంపించాడు. లోకంలో ఇటువంటి మనుష్యులు కూడ ఉన్నారు.

1950లో తొలి రచన కచేరీకి ఎక్కినప్పుడు ఒక విమర్శకుడు పత్రికలో దానిని సంగీతానికి ముందటి స్థితిగా తీసిపారవేశాడు. ఆ వార్త చదివిన యువకుడు సినిమా హాలు చీకటిలో కూర్చొని ఏడ్చాడట. పిదప క్షయవ్యాధి సోకింది. 1953 నుంచి చాలాకాలం చికిత్సలో గడిచింది. ఆ దశ నుంచి బయటపడినదే 1957లో వెలువడిన ‘రెక్వియమ్’. తంత్రీ వాద్యాలకు మాత్రమే వ్రాసిన ఈ శోకగీతం కురొసావా చిత్రాలకు సంగీతం కూర్చిన హయసాకా ఫుమియో స్మృతికి అంకితం. హయసాకా క్షయతోనే 1955లో మరణించాడు. ఈ రచనలో పాదం కదిపి లెక్కపెట్టదగిన లయ కనిపించదు. ఎక్కడో అంతకు ముందునుంచే ప్రవహిస్తూ వచ్చిన ధ్వనిని మనం మధ్యలో అందుకొన్నట్లు అది మొదలవుతుంది. అంతే అనిశ్చితంగా ఆగుతుంది.

1959లో సుప్రసిద్ధ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ జపానుకు వచ్చి కొత్త రచనలను వినగోరినప్పుడు రేడియో సంస్థవారు వినిపించిన టేపులలో పొరపాటున ఇది కూడ చేరింది. ఆపబోతే ఆయన వారించి చివరిదాకా విన్నాడు. తరువాత తకెమిత్సును విందుకు పిలిచి, ఇంతటి పొట్టి మనిషి నుంచి ఇంత తీవ్రమైన సంగీతం ఎలా పుట్టిందని ఆశ్చర్యపోయాడు. స్వదేశంలో నిర్లక్ష్యానికి గురియైన వాని వైపు లోకం దృష్టి ఈ విధంగా తిరిగింది. ఒక పొరపాటు చేసిన మేలు ఇది.

ఇంతవరకు చెప్పిన కథలో జపాను సంగీతం ప్రసక్తి రాలేదని పాఠకులు గమనించే ఉంటారు. అది యాదృచ్ఛికం కాదు. జపానుకు సంబంధించిన ప్రతిదీ ఆయనకు యుద్ధాన్ని, సైనిక పాలనను, ఆ చేదు బాల్యాన్ని జ్ఞప్తికి తెచ్చేది. అందుచేత దేశీయ వాద్యాలను ఆయన బుద్ధిపూర్వకంగా దూరం పెట్టాడు. పరుల చేతిలో అవమానం పొందిన వారసత్వాన్ని తిరిగి ప్రేమించడం సులభమే. స్వజనుల చేతనే దుర్వినియోగమైన వారసత్వాన్ని ప్రేమించడం కష్టం. తకెమిత్సు కష్టం ఈ రెండవ జాతిది.

ఆ గోడకు మొదటి బీట పడింది బొమ్మలాటలో. జపానులోని ‘బున్‌రాకు’ మన తోలుబొమ్మలాట వలె కథాగానంతో నడిచే ప్రదర్శన. కాని బొమ్మలు కొయ్యవి. ఒక ప్రదర్శనలో కథకునికి తోడుగా మ్రోగిన మూడు తంత్రుల షామిసెన్ నాదం విని ఆయన నివ్వెరపోయాడు. ఈ ధ్వని ఇన్నాళ్ళూ పొరుగునే ఉండగా తాను ఎలా వినకుండా ఉన్నానని విస్తుపోయాడు. రెండవ బీట అమెరికా నుంచి వచ్చింది. జాన్ కేజ్ అనే అమెరికను స్వరకర్త, సుజుకి పండితుని వద్ద జెన్ బౌద్ధం గురించి విని, వాద్యకారుడు ఏమీ వాయించక నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకండ్లు కూర్చునే రచనను 1952లో ప్రకటించి లోకాన్ని కలవరపరచాడు. నిశ్శబ్దం అనేది ఎక్కడా లేదు, మనం చెవి పెట్టని ధ్వనుల పేరే అది అని కేజ్ అభిప్రాయం. 1962లో కేజ్ జపానుకు వచ్చాడు. ఆయన ప్రభావం వల్లనే తాను తన దేశ సంప్రదాయం విలువను గుర్తించానని తకెమిత్సు దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. జపాను నుంచి అమెరికాకు వెళ్ళిన భావం తిరిగి జపానుకు చేరితే గాని ఇంటివారు దానిని గుర్తుపట్టలేదన్నమాట. ఈ అనుభవం జపానువారికి మాత్రమే పరిమితం కాదు గదా!

తరువాత ఆయన దృష్టి రెండు వాద్యాలపై నిలిచింది. మొదటిది ‘బివా’. కోసిన బేరిపండు ఆకారంలో ఉండి, విసనకఱ్ఱ వంటి పెద్ద కొయ్య మీటుతో వాయించే తంత్రీవాద్యం. ఈ బివాకు మన పాఠకులకు తెలిసిన బంధువులు ఉన్నారు. పారసీకపు ‘బర్బత్’ దీనికి పూర్వీకుడు, అరబ్బుల ‘ఊద్’ దాయాది. ఉర్దూ, ఫారసీ కవిత్వం చదివినవారికి బర్బత్ పేరు కొత్తది కాదు. ఆ వాద్యం పట్టుబాటసారుల వెంట చైనా చేరి ‘పీపా’ అయింది. అక్కడి నుంచి సముద్రం దాటి బివా అయింది. ఎనిమిదవ శతాబ్ది నాటి బివాలు జపానులోని నారా నగరంలో, షోసోయిన్ అనే కోశాగారంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో అయిదు తంత్రుల బివా మూలం భారతదేశానిదని పండితుల అభిప్రాయం. దాని ముఖంపై ముత్యపుచిప్పతో పొదిగిన బొమ్మ ఒంటెపై కూర్చుని వాద్యం మీటుతున్న ఒక మనిషిది. ఆ కోశాగారం ఉన్న తొదయ్‌జి ఆలయంలోని మహాబుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవాడు దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు.

బివాలో మరొక విశేషం ఉన్నది. తంత్రి మీటినప్పుడు స్వచ్ఛమైన స్వరం రాదు. తుమ్మెద రొద వంటి ఒక జుమ్మనడం దానిని అంటుకొని వస్తుంది. దీనిని ‘సవారి’ అంటారు. తాకడం అని ఆ మాటకు అర్థం. అడ్డంకి అనే అర్థాన్ని కూడ తకెమిత్సు అందులో చూశాడు. తంత్రి ఎత్తయిన మెట్టు అంచును తాకుతూ అదరడం వల్ల ఈ రొద పుడుతుంది. మన తంబురా చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. గుఱ్ఱంపై తంత్రి క్రింద ఒక నూలుపోగును జరిపి ‘జీవ’ పట్టించడం, హిందూస్తానీవారు ‘జవారీ’ తీయడం, ఇదే పని. నూలుపోగు లేని తంబురా నిర్జీవంగా టక్కున పలుకుతుంది. పోగు కుదిరిన క్షణాన ఒక్క తంత్రిలో అనేక స్వరాలు విప్పారుతాయి. పాశ్చాత్య వాద్య నిర్మాతలు శతాబ్దాలుగా ఈ రొదను తొలగించడానికి శ్రమించారు. ప్రాచ్యులు దానిని ఏరికోరి చేర్చారు. ఒక్క ధ్వనిలోనే ఇంత సంపద ఉన్నప్పుడు దాని ప్రక్కన మరొక ధ్వనిని తొందరపడి పేర్చవలసిన అవసరం ఏమిటి? తకెమిత్సు సంగీతంలోని నిదానానికి మూలం ఈ ప్రశ్నలోనే ఉన్నదని మా అభిప్రాయం.

రెండవది ‘షకుహాచి’. జపాను కొలమానంలో ఒక షకు, ఎనిమిది సున్‌ల పొడవు, అనగా సుమారు 54 సెంటీమీటర్లు, ఉండటం చేత దానికి ఆ పేరు వచ్చింది. వెదురు దుబ్బుతో చేసిన పిల్లనగ్రోవి. రంధ్రాలు అయిదే. పూర్వం తలపై గంప వంటి టోపీని బోర్లించుకొని ముఖం కనబడకుండా తిరిగే భిక్షువులు దీనిని వినోదం కోసం గాక ధ్యానం కోసం ఊదేవారు. శ్వాస చప్పుడు, గాలి బుస, స్వరం మూడూ కలిసే వస్తాయి. శిథిలమైన వెదురు పొదలో గాలి వీచినట్లు పలికించడమే ఈ వాద్యంలో ఆరితేరినవారి ఆకాంక్ష అని తకెమిత్సు వ్రాశాడు. తన మస్నవీని మౌలానా రూమీ వెదురు గ్రోవి మొరతోనే ప్రారంభించాడన్న సంగతి ఇక్కడ మాకు స్ఫురిస్తున్నది. రెండింటికీ చారిత్రక సంబంధం ఉన్నదని మేము అనడం లేదు. వెదురులోని ఖాళీయే దాని పలుకుకు కారణమని రెండు చోట్లా తెలుసుకున్నారు.

ఇక ఆ ఖాళీ మాట. జపానీయులు దానిని ‘మా’ అంటారు. ఈ మాటను వ్రాసే చిత్రాక్షరంలో ద్వారం గుర్తు నడుమ సూర్యుని గుర్తు ఉంటుంది. తలుపు సందున కనిపించే వెలుతురు. పాశ్చాత్య స్వరలిపిలో విరామానికి కూడ కొలత ఉన్నది. ఇన్ని మాత్రలని లెక్కించి తిరిగి అందుకోవలె. మన తాళంలోనూ అంతే, విసర్జితపు చేయి కూడ లెక్కకు లోబడినదే. ‘మా’ అటువంటిది కాదు. ముందరి ధ్వని వినేవాని మనస్సులో పూర్తిగా కరిగేదాకా ఆగడం అది. మన సంగీతంలో దానికి చేరువైనది రాగాలాపన. షడ్జంపై నిలిచిన గాయకుడు తరువాతి స్వరానికి ఎప్పుడు కదలవలెనో ఏ తాళమూ చెప్పదు. తకెమిత్సు 1971లో ప్రచురించిన వ్యాససంపుటి పేరే, నిశ్శబ్దంతో తూచదగినంతగా ధ్వనిని పలికించడం అనే అర్థం ఇస్తుంది. మా శీర్షికకు ఆధారం అదే.

న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ తన 125వ వార్షికోత్సవ సందర్భంగా ఆయనను ఒక రచన కోరింది. బివా, షకుహాచిలను పాశ్చాత్య వాద్యబృందంతో జతపరచే ‘నవంబర్ స్టెప్స్’ ఆ విధంగా రూపొందింది. పర్వత ప్రాంతపు కుటీరంలో, ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ స్వరలిపి ప్రతులు రెంటిని దగ్గర ఉంచుకొని ఆయన ఈ పనికి పూనుకున్నాడు. ఆ దెబుస్సీ 1889 నాటి పారిస్ ప్రదర్శనలో జావా దేశపు గంటల వాద్యబృందాన్ని విని ముగ్ధుడైనవాడే. ఈ సంగతి తకెమిత్సుకు తెలుసు. అటువంటి పూర్వరంగం ఉండగా ప్రాచ్య పాశ్చాత్యాలను పాలు నీళ్ళవలె కలిపివేయడం ఎవరికైనా తోచే పని. ఆయన కూడ ముందు కలపాలనే చూశాడు. వ్రాయగా వ్రాయగా ఈ రెండు ధ్వని ప్రపంచాలు కలవవని తోచింది. పని మానివేద్దామనుకున్నాడు. చివరకు కలపకుండా, ప్రక్కప్రక్కన నిలిపి, ఆ భేదాన్నే వినిపించవలెనని నిశ్చయించుకున్నాడు.

మా దృష్టిలో ఆయన జీవితంలోకెల్లా ముఖ్యమైన నిర్ణయం ఇదే. రచన నడక కూడ దానికి తగినట్లే ఉంటుంది. వాద్యబృందం రెండుగా చీలి కుడియెడమల కూర్చుంటుంది. ముందు భాగంలో ఇద్దరే జపాను కళాకారులు. వాద్యబృందం ధ్వనుల మేఘాన్ని లేపి అణగిపోతుంది. ఆ ఇద్దరూ తమ తీరున పలుకుతారు. ఒకరినొకరు అనుకరించరు, వాదించుకోరు. ముగింపుకు ముందు చాలాసేపు వాద్యబృందం వాద్యాలు ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చుంటుంది. బివా, షకుహాచి మాత్రమే వినిపిస్తాయి. ఆ భాగానికి మామూలు స్వరలిపి లేదు. గీతలు, గుర్తులు గల చిత్రలిపి నుంచి కళాకారులు తమకు తోచిన వరుసను ఎన్నుకొంటారు. మొత్తం సుమారు ఇరవై నిమిషాలు. జపాను సంగీతంలో అంకాన్ని ‘దన్’ అంటారు, మెట్టు అని అర్థం. ఇందులో పదకొండు మెట్లు ఉన్నాయి. పదకొండవ నెల అయిన నవంబరులో, 1967 నవంబరు 9న, సెయిజి ఓజవా నిర్దేశకత్వంలో న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన జరిగింది. బివాపై త్సురుతా కిన్షి అనే విదుషీమణి, షకుహాచిపై యొకొయామా కత్సుయా.

కుడి నుంచి తెరిస్తే ఉర్దూ, ఎడమ నుంచి తెరిస్తే తెలుగు వచ్చే సంచికలో ఈ రచనను గురించి వ్రాస్తున్నప్పుడు మాకు చిరునవ్వు రాకపోలేదు.

అటు తరువాత ఆయన దేశీయ వాద్యాలను పాశ్చాత్య బృందంతో జతపరచడం చాలావరకు తగ్గించాడు. ఆ వాద్యాలు నేర్పిన వినికిడిని మాత్రం పాశ్చాత్య బృందంలోకే తీసుకొనివెళ్ళాడు. జపాను ఉద్యానవనం ఆయనకు ఆదర్శమయింది. అటువంటి తోటలో నేరుగా గమ్యానికి పోయే బాట ఉండదు. నడిచేవాడు మలుపు తిరిగినకొద్దీ అదే రాయి, అదే చెట్టు కొత్త కోణం నుంచి కనబడుతుంది. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందం కొరకు వ్రాసిన రచన పేరు ‘పంచకోణ ఉద్యానంలో దిగే పక్షిగుంపు’. నక్షత్రాకారపు తోటలోకి తెల్లని పక్షులు, వాటి నడుమ ఒకే ఒక నల్లని పక్షి దిగుతున్నట్లు ఆయనకు వచ్చిన కల దానికి బీజం. ఓబో అనే సుషిరవాద్యం ఆ పక్షుల గుంపును సూచిస్తూ పలుకుతుంది. మిగిలిన వాద్యాలు తోట వలె దాని చుట్టూ రంగులు మారుస్తుంటాయి. పియానో పైనుండే నల్లని మెట్ల అయిదు స్వరాలు ఈ రచనకు పునాది. ఆ వరుస మన మోహన రాగపు కుటుంబానికి చెందినదే కావున మన చెవికి ఈ రచన త్వరగా చేరువవుతుంది. కొత్తగా వినేవారు ‘నవంబర్ స్టెప్స్’ కంటె ముందు దీనిని వినడమే మేలు.

ఆయన చివరి దశ రచనలు మరీ తియ్యగా ఉన్నాయని, పూర్వపు కాఠిన్యం సడలిపోయిందని ఆక్షేపించే రసికులు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. వరుసగా మూడు నాలుగు వింటే ఒకే తోటలో తిరుగుతున్నట్లు మాకూ అనిపించింది. అయితే ఆ తోట మంచిది.

సంగీత కచేరీలకు వెళ్ళే అలవాటు లేని విద్యార్థులకు ఆయన సినిమా ద్వారా దొరుకుతాడు. తొంభైకి పైగా చిత్రాలకు సంగీతం సమకూర్చాడు. కురొసావా తీసిన ‘రాన్’ (1985) చూడండి. కోట ముట్టడి దృశ్యంలో బాణాలు దూసుకుపోతాయి, గుఱ్ఱాలు కూలుతాయి, మనుష్యులు అరుస్తారు. కాని ఆ అరుపులేవీ మనకు వినబడవు. యుద్ధపు చప్పుళ్ళన్నింటినీ తొలగించి, వాద్యబృందపు శోకాన్ని మాత్రమే ఉంచారు. అది అలా సాగి సాగి, ఒక్క తుపాకి ప్రేలుడుతో తెగిపోతుంది. అప్పుడు గాని హాహాకారాలు చెవిన పడవు. ఈ చిత్ర సంగీతం విషయంలో దర్శకునికీ ఆయనకూ పొసగలేదు, ఫలితంతో తకెమిత్సు తృప్తి చెందలేదు. పదునాలుగేళ్ళ వయస్సులో యుద్ధగీతాలు తప్ప మరొకటి వినని బాలుడే ఆ దృశ్యానికి సంగీతం కూర్చినవాడన్నది చూసేవారు గుర్తుంచుకోదగినది.

వినడానికి ఒక చిన్న సూచన. మెల్లని భాగాలలో మన ఇండ్లలోని సీలింగు ఫ్యాను చప్పుడే పైచేయి అవుతుంది. మేము ఒక వేసవి మధ్యాహ్నం సాహసించి ఫ్యాను ఆపి విన్నాము. చెమట పట్టిన మాట నిజమే. కాని రచన ఆగిన చోటుల్లో వీధి చివర ఆటో హారను, పక్కింటి పెరటిలో గిన్నెలు కడిగే చప్పుడు, దూరాన అసర్ అజాన్ ఒకదాని తరువాత ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఏవి ఆయన వ్రాసినవో, ఏవి కావో విడదీయాలన్న పట్టుదల కాసేపటికి మాకు తగ్గిపోయింది.

తకెమిత్సు 1996 ఫిబ్రవరి 20న తోక్యోలో మరణించాడు. అప్పటికి కొంతకాలంగా క్యాన్సరుకు చికిత్స పొందుతున్నాడు. చివరి దినాలలో నగరంలో భారీగా మంచు కురిసింది. ఆస్పత్రి గదిలో ఒంటరిగా ఉండి, రేడియోలో ప్రసారమైన బాఖ్ రచన ‘సెయింట్ మాథ్యూ పాషన్’ను ఆయన ఆసాంతం విన్నాడు.